నిచ్చెన కింద చేతులు

గోడల మీద ప్రకటనలు రాసే పనికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకడు నిచ్చెన ఎక్కి రాస్తాడు. ఇంకొకడు కింద నిచ్చెన పట్టుకుంటాడు. రోడ్డు మీద పోయేవాళ్ళకి రాసేవాడే కనిపిస్తాడు. పట్టుకునేవాడు ఖాళీగా నిలబడ్డాడనుకుంటారు.

ఎక్కేవాణ్ణి పేటంతా స్కేలు అని పిలుస్తుంది. మనిషి పొడుగు, గీత తిన్నన. బద్ద ఆనించకుండా గీసినా బద్ద పెట్టి గీసినట్టే ఉంటుంది. పట్టుకునేవాడు మైకు. అతనికి ఆ పేరెందుకు వచ్చిందో నోరు తెరిస్తే తెలుస్తుంది. పొట్టివాడు, గట్టివాడు, ఎత్తంటే భయం. మీసాలు రాకముందు నుంచీ ఇద్దరిదీ ఒకటే నిచ్చెన. కాళ్ళకు పాత టైరు ముక్కలు చుట్టిన వెదురు నిచ్చెన అది.

ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. కిందివాడు చేతులు తీయాలంటే ముందు "వదులుతున్నా" అని కేకెయ్యాలి. పైవాడు మెట్టులోంచి చెయ్యి దూర్చి వాటేసుకుని "ఊ" అనాలి. ఆ "ఊ" వినపడ్డాకే చేతులు తీయాలి. తుమ్మొచ్చినా సరే, తేలు కుట్టినా సరే. మైకు కేకెయ్యకుండా వదిలిన రోజు లేదు. ఒకసారి నిజంగానే కందిరీగ చెవి మీద కుట్టింది. "వదులుతున్నా" అని అరిచి, "ఊ" వచ్చేదాకా ఏడుస్తూ పట్టుకునే ఉన్నాడు.

ఇంత నమ్మకమున్న ఇద్దరికి పడనిది ఒక్కటే, టీవీ.

స్కేలు చూసేది కోటాయన ఛానెల్. కోటాయన రోజూ రాత్రి చల్లటి గదిలో కోటు తొడుక్కుని కూర్చుంటాడు. ప్రభుత్వం తుమ్మితే అందులోనూ దూరదృష్టి చూస్తాడు. ఎవరైనా రోడ్డెక్కి ఇది అన్యాయమంటే "సామాన్యుడికి ఇబ్బంది" అంటాడు. ఆయన దృష్టిలో రోడ్డెక్కినవాడు సామాన్యుడు కాడు, కార్లో ఆగిపోయినవాడు సామాన్యుడు. మైకు చూసేది గడ్డపాయన ఛానెల్. ఈయన ఇస్త్రీ లేని చొక్కా వేసుకుని, గడ్డం గోక్కుంటూ ప్రభుత్వాన్ని తిడతాడు. తిట్టాల్సింది బోలెడుంది, కాదనను. కానీ పదిమంది వస్తే వెయ్యిమంది అంటాడు, గోరు విరిగితే చెయ్యి విరిగిందంటాడు. ఇద్దరి కార్యక్రమాల మధ్యలోనూ వచ్చే సబ్బు ప్రకటన మాత్రం ఒకటే. ఆ సంగతి వీళ్ళిద్దరిలో ఒక్కడూ గమనించలేదు.

"మీ కోటాయన్ని అడగరా, ఆ కోటు ఎవరు కుట్టించారో!" అంటాడు మైకు కింద నుంచి.

"ముందు మీవాణ్ణి గడ్డం గీసుకోమను. అది కూడా ప్రభుత్వమే పెంచిందంటాడు," అంటాడు స్కేలు పై నుంచి, కుంచె ఆపకుండా.

ఇలాగే గోడలకు గోడలు నిండాయి.

ఆరోజు గోదాము గోడ మీద గొడుగుల కంపెనీ ప్రకటన రాస్తున్నారు. ఎర్ర రంగు, ఒక్కో అక్షరం మనిషంత. స్కేలు "గొ" పూర్తి చేసి "డు" సగంలో ఉన్నాడు. మలుపు అవతలి నుంచి నినాదాలు వినిపించాయి. వీధులూడ్చేవాళ్ళ ఊరేగింపు. వాళ్ళను పని నుంచి తీసేసి యంత్రాలు పెడతామని పైవాళ్ళు ప్రకటించారు. ఊరంతా నిద్ర లేవకముందే ఊరి చెత్త ఎత్తేవాళ్ళు ఊరికి ఎప్పుడూ కనపడరు. ఆరోజు కనపడదామని పట్టపగలు బయల్దేరారు.

మైకు ఉప్పొంగిపోయాడు. కానీ కింద నిలబడ్డవాడికి కనపడేది ముందు నిలబడి చూసేవాళ్ళ వీపులు, పోలీసుల బూట్లు మాత్రమే.

"ఎంతమందొస్తున్నార్రా?"

స్కేలు తలతిప్పి చూశాడు. "వెయ్యి... లేరు. ఏడెనిమిది వందలు."

"కళ్ళున్నాయా నీకు? పదివేలు! పొద్దున్నే మావాడు చెప్పాడు."

"మీవాడు పొద్దున చెప్పాడు. నేను ఇప్పుడు చూస్తున్నాను."

"నీ కళ్ళకి కోటు తొడిగార్రా!"

"నీ చెవుల్లో గడ్డం మొలిచింది. గట్టిగా పట్టుకో, అటు వంగాలి."

"ఉండు, లైవ్ వస్తోంది. నీ కళ్ళతో నువ్వే చూద్దువుగాని."

మైకు ఒక చేత్తో జేబులోంచి ఫోను తీశాడు. ఫోను తాళం తీయడానికి రెండో చెయ్యి కావాల్సి వచ్చింది. నిచ్చెన మీంచి అదీ తీశాడు. రెండు చేతులతో ఫోను తలపైకెత్తి "ఇదిగో, పదివేలు!" అని అరిచాడు. స్కేలు కుంచె గోడకు ఆనించే ఉంచి చూడటానికి పక్కకు వంగాడు. నిచ్చెన కాలు జారింది.

స్కేలు తల గోదాము అరుగు అంచుకు కొట్టుకుంది. కుడిచెయ్యి ఒంటి కింద పడి విరిగింది. ఊరేగింపులోంచి ఒక అమ్మాయి పరుగెత్తుకొచ్చి, మెడకున్న గుడ్డ తీసి స్కేలు తలకు బిగించి కట్టింది. వీళ్ళ వీధిలో పొద్దున్నే ఈల వేస్తూ చెత్తబండి తోసుకొచ్చే అమ్మాయే. పిల్లలు ఈలమ్మ అంటారు. "బాబాయ్, తల కదపకు" అంటూ రెండు చేతులతో అదిమి పట్టుకుంది. చేతులు, మోచేతుల దాకా నెత్తురు. అప్పటికే అవతల తోపులాట మొదలైంది. ఎవడో ఒక కెమెరా పట్టుకుని ఇటు పరుగెత్తాడు. ఆ వెనకే ఇంకొకడు.

స్కేలును బండెక్కించి మైకు కూడా ఎక్కాడు. ఈలమ్మను పోలీసులు పట్టుకోవడం అతను చూడలేదు.

సాయంత్రానికి కోటాయన ఛానెల్లో "ఊరేగింపులో రాళ్ళు, అమాయక పెయింటర్ తల పగిలింది" అని వచ్చింది. పక్కన నెత్తుటి చేతులతో ఈలమ్మ బొమ్మ. గడ్డపాయన ఛానెల్లో "లాఠీ దెబ్బకు కార్మికుడి తల పగిలింది" అని వచ్చింది. బొమ్మ మాత్రం అదే, చేతుల దగ్గర కత్తిరించి.

మైకు ఖాళీ దొరికినప్పుడల్లా పనిచేసే యూనియన్ ఆఫీసులో నలుగురూ అతని భుజం తట్టారు. "మీవాడి దెబ్బ మనకి బలం," అన్నాడొకడు. మైకు అది కాదనలేదు. మన వైపుకు పనికొచ్చే అబద్ధం కదా అనుకున్నాడు. అవతలివాళ్ళు అన్ని అబద్ధాలు ఆడుతుంటే మన వాటాకి ఒకటుంటే ఏమైందనుకున్నాడు. ఇలా అనుకోని కార్యకర్తని నాకు చూపించండి, దణ్ణం పెడతాను.

మర్నాడు పొద్దున వీధిలో ఈల వినపడలేదు. చెత్తబుట్టలు గుమ్మాల ముందు అలాగే ఉండిపోయాయి. రాయి విసిరిన కేసులో ఈలమ్మను లోపలేశారని అప్పుడు తెలిసింది. కేసు రాస్తే ఉద్యోగం పోయినట్టే. యంత్రాలు రాకముందే పోతుంది.

మైకు స్టేషనుకు పరుగెత్తాడు. మెట్ల మీద ఈలమ్మ తల్లి కూర్చుని ఉంది. ఉబ్బసం మనిషి, రెండు మాటలకోసారి ఆగుతుంది.

"అయ్యా, ఆ రాసేవాడి తలకి కట్టింది... మా పిల్ల గుడ్డే. గుడ్డ ఇచ్చినందుకు... లోపలేస్తారా?"

మైకు లోపలికి వెళ్ళి, నిచ్చెన వదిలింది నేనే, రాయీ లేదు లాఠీ లేదు అని చెప్పాడు. అధికారి టీ గ్లాసు పక్కన పెట్టి పైనుంచి కిందికి చూశాడు.

"నువ్వు యూనియన్ వాడివి కదూ? పోయిన నెల మైకు పట్టుకుని నన్ను తిట్టింది నువ్వే కదూ?"

"తిట్టాను. అదీ నిజమే, ఇదీ నిజమే."

"నీ మాట నేనెలా నమ్మనయ్యా! మీ వాళ్ళని కాపాడుకోడానికి ఎన్నైనా చెప్తావు. దెబ్బ తగిలినవాడు ఉన్నాడుగా. రేపు వచ్చి చెప్పమను. ఆయన ఎలా అంటే అలా రాస్తాను."

కాబట్టి స్కేలు నోటి మాట మీదే ఈలమ్మ బతుకు ఆగింది. మైకు ఆసుపత్రికి దాదాపు ఎగురుకుంటూ వెళ్ళాడు. స్కేలుకి ఏం జరిగిందో తెలుసు కదా, ఒక్క మాటతో కేసు పోతుందనుకున్నాడు.

స్కేలు తలకు కట్టు, చేతికి పట్టీ. గోడకున్న టీవీ వైపే చూస్తున్నాడు. టీవీలో కోటాయన. పక్కన కుర్చీలో భార్య ఆపిల్ కోస్తోంది.

"రా రా! నన్ను చూపించాడురా కోటాయన! రెండుసార్లు! 'కష్టజీవి' అన్నాడు నన్ను!"

"అన్నయ్యా, పొద్దుట్నుంచీ ఇదే గోల," అంది భార్య. "చెయ్యి విరిగిందన్న బాధ లేదు, టీవీలో పడ్డానన్న సంబరమే."

మైకు మంచం అంచున కూర్చున్నాడు. "ఒరేయ్, ఎలా పడ్డావో గుర్తుందా?"

"ఎందుకు లేదు? రాయి తగిలింది."

"రాయి తగలడం గుర్తుందా నీకు?"

స్కేలు కాసేపు ఆలోచించాడు. "'గొ' అయిపోవడం గుర్తుంది. తర్వాత ఏం లేదు, చీకటి. మిగతాది టీవీలో చూశాను."

నవ్వొచ్చే మాటే. కానీ మైకుకి నవ్వు రాలేదు. తన తల ఎలా పగిలిందో మనిషి పరాయివాణ్ణి అడిగి తెలుసుకుంటున్నాడు. అలా చేసేది స్కేలు ఒక్కడేనా? మనందరి తలలూ అలాగే ఉన్నాయి.

"రాయి లేదురా. నేను నిచ్చెన వదిలాను."

స్కేలు అతని వంక చూసి పగలబడి నవ్వాడు. నవ్వితే తల నొప్పెట్టి "అమ్మో" అన్నాడు.

"నీకెవరు చెప్పార్రా ఈ మాట అనమని? యూనియన్ వాళ్ళా, గడ్డపాయనా?"

"ఎవరూ చెప్పలేదు. వదిలాను."

"వదిలితే 'వదులుతున్నా' అని అరుస్తావు. అరిచావా?"

"లేదు."

"చూశావా! అరవలేదు కాబట్టి వదల్లేదు. నిన్ను నిన్న మొన్న చూశానట్రా నేను? కందిరీగ కుట్టినా వదలనివాడివి!" స్కేలు గొంతు పెరిగింది. "ఆ ఊడ్చేవాళ్ళ కోసం నీ పేరు నువ్వే పాడు చేసుకుంటున్నావు. ఇది బయటికి పోతే నీకు నిచ్చెన ఇచ్చేవాడు ఉంటాడా? నేను ఒప్పుకోను. నా ఫ్రెండు నిచ్చెన వదిలాడంటే కోటాయన చెప్పినా నేను నమ్మను!"

రోజూ తిట్టుకునే మనిషి మైకు మీద ఇంత నమ్మకం పెట్టుకున్నాడు. ఆ నమ్మకమే ఇప్పుడు ఒక ఆడపిల్లను జైల్లో పెడుతోంది.

"మరి ఆ పిల్ల రాయి వేసిందంటావా? మన వీధి పిల్లరా. రోజూ మీ ఇంటి చెత్త ఎత్తే పిల్ల."

"పిల్ల మంచిదే. పక్కన ఉన్నవాళ్ళు మంచివాళ్ళు కాకపోవచ్చు. చేతులకి నెత్తురు చూపించాడు కదా!"

"అది నీ నెత్తురురా బుద్ధిలేనోడా! నీకు కట్టు కట్టింది!"

"అలాగని మీ ఛానెల్ చెప్పిందా?"

"మా ఛానెల్ లాఠీ దెబ్బ అంది! అదీ అబద్ధమే!"

మైకు తన ఛానెల్‌ను అబద్ధం అనడం స్కేలు ఎప్పుడూ వినలేదు. కానీ మొండివాడు. "అదీ ఎత్తేమో," అని గొణిగాడు.

నర్సు వచ్చింది. "ఇది ఆసుపత్రి, అసెంబ్లీ కాదు. ఇంకొక్క కేక వినపడితే ఇద్దరికీ ఇంజెక్షన్లే," అంది.

స్కేలు భార్య మాత్రం కత్తి పక్కన పెట్టి మెల్లగా అంది. "ఏమండీ, తలకి కట్టిన గుడ్డ నాకిచ్చారు. ఉతికి ఆరేశాను. అది ఆడవాళ్ళు మెడకి చుట్టుకునే గుడ్డ."

స్కేలు ఇక టీవీ వైపు చూడలేదు.

మర్నాడు స్కేలును ఆసుపత్రి నుంచి పంపించారు. స్టేషనుకు వెళ్ళి చెప్పి రావాలి. ఆటోలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. గోదాము దగ్గరికి రాగానే మైకు ఆటో ఆపించాడు.

"దిగు. గోడ చూడు."

"ఏముంది గోడలో?"

"నన్ను నమ్మవు. నీ గీతనైనా నమ్ముతావేమో."

స్కేలు దిగాడు. "గొ" నిండుగా ఉంది. పక్కన సగం "డు". ఆ సగం అక్షరం అంచు నుంచి ఒక ఎర్రటి గీత బయల్దేరి, కుడి పక్కకు వంకరగా జారి, అడ్డంగా చాలా దూరం పోయి, కిందికి తిరిగి నేల దాకా వచ్చింది. రంగు పలచబడుతూ పోయింది కానీ ఎక్కడా తెగలేదు.

స్కేలు దాని కింద నిలబడి మెడ ఎత్తి చూశాడు. గీతలు చదవడం అతని బతుకు. తలకి రాయి తగిలినవాడి చేతిలోంచి కుంచె జారిపోతుంది, గీత అక్కడే ఆగిపోతుంది. ఇది ఆగలేదు. కుంచె చేతిలోనే ఉంది, మనిషే పక్కకి పోయాడు. మనిషి పక్కకి పోయాడంటే నిచ్చెన పక్కకి పోయింది. నిచ్చెన పక్కకి పోయిందంటే...

అతను ఎడమచేత్తో ఆ గీతను మెల్లగా తడిమాడు.

"ఎంత చండాలంగా ఉందిరా," అన్నాడు. గీత కొసదాకా చూసి, "నిజంగానే వదిలావా?" అన్నాడు.

"వదిలాను."

"కేకెయ్యకుండా?"

"కేకెయ్యకుండా."

"ఎందుకు?"

మైకు తల దించుకున్నాడు. "ఫోను చూపిద్దామని."

"ఫోనులో ఏముంది?"

"ఊరేగింపు. జనం ఎంతమందొచ్చారో చూపిద్దామని."

స్కేలు కళ్ళు పెద్దవి చేశాడు. "నేను పైన నిలబడి ఆ జనాన్నే చూస్తున్నాను కదరా!"

స్కేలు ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. తిట్టడానికి సరైన తిట్టు వెతుకుతున్నాడు. ఏదీ సరిపోలేదు. చివరికి గోడకి ఆనుకుని అరుగు మీద కూర్చుండిపోయాడు, సరిగ్గా తల తగిలిన చోటే. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని మైకు వంగి చూశాడు. నవ్వుతున్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. ఏది ఎంతో నేను చెప్పలేను.

"నేనూ తక్కువ తినలేదు," అన్నాడు తుడుచుకుంటూ. "నువ్వు ఫోనెత్తితే వంగి చూసుంటాను. నాకు గుర్తు లేదు కానీ, నా సంగతి నాకు తెలుసు కదా."

"వంగావు."

"చూశానా?"

"పూర్తిగా చూడలేదు. పడిపోయావు."

"అయితే ఏడొందలే."

"ఒరేయ్..."

"ఏడెనిమిది వందలు. పద, ఆ పిల్లని తీసుకొద్దాం."

స్టేషను బయట రెండు ఛానెళ్ళ వాళ్ళూ ఉన్నారు. స్కేలును చూసి ఒకేసారి మైకులు పెట్టారు. కోటాయన మనిషి "రాయి ఎటు నుంచి వచ్చింది సార్?" అన్నాడు. స్కేలును ఎవరైనా సార్ అనడం అదే మొదలు. ఒక్క క్షణం వెన్ను నిటారైంది.

"రాయి లేదు బాబూ."

"లాఠీ కదా అన్నా?" అన్నాడు గడ్డపాయన మనిషి, మైకు వైపు కన్నుగీటి.

"లాఠీ లేదు," అన్నాడు మైకు. "నిచ్చెన జారింది. పట్టుకోవాల్సినవాణ్ణి నేను. నేనే వదిలాను. ఆ అమ్మాయి కట్టు కట్టింది. రాసుకోండి."

ఛానెళ్ళ వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఒక కెమెరా దిగింది, తర్వాత రెండోది. ఊరందరి ముందూ పోట్లాడుకునే ఆ ఇద్దరూ ఒకే సిగరెట్టు పెట్టెలోంచి చెరొకటి తీసుకుని వెళ్ళిపోయారు.

లోపల స్కేలు చెప్పింది అధికారి రాసుకున్నాడు. "నిచ్చెన పట్టుకున్నవాడి మీద కేసు పెడతావా?" అని అడిగాడు.

"పెట్టొచ్చు," అన్నాడు స్కేలు. "కానీ అప్పుడు నాకు నిచ్చెన ఎవడు పట్టుకుంటాడు?"

సాయంత్రం ఈలమ్మ బయటికొచ్చింది. తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ స్కేలు కట్టు చూసి, "తలనొప్పి తగ్గిందా బాబాయ్?" అని మాత్రం అడిగింది. స్కేలు ఉతికిన గుడ్డ ఇచ్చాడు. ఆరాత్రి ఇద్దరూ ఎవరి ఇంట్లో వాళ్ళు ఎవరి ఛానెల్ వాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. కోటాయన ఈ సంగతి ఎత్తలేదు. గడ్డపాయనా ఎత్తలేదు. ఎత్తుతారని ఇద్దరూ ఎందుకు ఎదురు చూశారో వాళ్ళకే తెలియాలి. నాకైతే కోపం పట్టలేకుండా వచ్చింది. పగిలిన తల కావాలి వాళ్ళకి, నయమైన తల అక్కర్లేదు.

నిచ్చెన వదిలినవాడన్న మాట పేటంతా పాకింది. రావలసిన రెండు గోడల పని వెనక్కి పోయింది. గొడుగుల కంపెనీ వాడు మాత్రం మొదలుపెట్టింది పూర్తి చేయమన్నాడు, వంకర గీత తుడిచి.

స్కేలు కుడిచెయ్యి ఇంకా పట్టీలోనే ఉంది. కాబట్టి జీవితంలో మొదటిసారి మైకు నిచ్చెన ఎక్కాడు. స్కేలు ఎడమచేత్తో నిచ్చెన పట్టుకుని, ఒక పాదం అడుగు మెట్టు మీద వేసి తొక్కి నిలబడ్డాడు.

"కుంచె అలా పట్టుకోకు, అది చీపురు కాదు. ఎడమ నుంచి లాగు. లాగు... ఆగు. ఆ వంకరేంట్రా!"

"చెయ్యి వణుకుతోంది."

"గొంతు వణకదు కానీ!"

అప్పుడు మలుపులోంచి మళ్ళీ నినాదాలు. యంత్రాల మాట ఇంకా తేలలేదు, వాళ్ళు మళ్ళీ బయల్దేరారు. మధ్యమధ్యలో గట్టిగా ఒక ఈల. మైకు మెట్టును వాటేసుకుని అటు చూశాడు. ఎత్తు నుంచి అతను ఊరేగింపును చూడటం ఇదే మొదలు. వాళ్ళ తలలు, తలల మీద గుడ్డలు, వెనక ఖాళీ రోడ్డు, అన్నీ కనపడ్డాయి.

"ఎంతమందిరా?" స్కేలు అడిగాడు.

మైకు చాలాసేపు చూశాడు. నోటిదాకా వచ్చిన అంకెను మింగేశాడు.

"మూడొందలు," అన్నాడు చివరికి. "భయపడి చాలామంది రాలేదురా."

కింద నుంచి వెటకారం వస్తుందనుకున్నాడు. రాలేదు.

"ముందు వరసలో ఆ పిల్ల ఉందా?"

"ఉంది."

"సరే, పనిచూడు."

మైకు కుంచె ఎత్తాడు. కిందికి చూస్తే కళ్ళు తిరుగుతాయని గోడ వైపే చూస్తూ అరిచాడు.

"ఒరేయ్, చేతులున్నాయా?"

"ఒకటే ఉంది," అన్నాడు స్కేలు. "అది నిచ్చెన మీదే ఉంది. రాయి."